బెణుకుకు లేజర్ వెలుగు: ఎంతవరకు పనికొస్తుంది?

మెట్లు దిగుతూ కాలు మడతపడిన అవ్వ, కబడ్డీలో మోకాలు తిప్పుకున్న కుర్రాడు, బస్తా ఎత్తబోయి భుజం పట్టేసిన హమాలీ. ఇలాంటి తాజా దెబ్బలకు ఫిజియోథెరపీ గదుల్లో లేజర్ వెలుగు పెట్టడం మన పట్టణాల్లోనూ చూస్తున్నాం. పేదల కోసం అలాంటి యంత్రం కొనివ్వాలని ఉన్న దాతలు కొనేముందు దాని గురించి కొంత తెలుసుకోవడం మంచిదని మా ఉద్దేశం.

లేజర్ అనగానే కోయడం, కాల్చడం గుర్తుకొస్తాయి. ఇది ఆ లేజర్ కాదు. నొప్పులకు ఎక్కువగా వాడే రకం శక్తి అర వాటు లోపే ఉంటుంది. చర్మం మీద పెట్టినా వేడి తెలియదు కాబట్టి దీన్ని 'కోల్డ్ లేజర్' అంటారు. అంతకంటే శక్తి గల రకాలూ ఉన్నాయి, అవి వేడి పుట్టిస్తాయి.

ఈ వైద్యం అనుకోకుండా పుట్టింది. 1960లో అమెరికాలో థియోడర్ మైమన్ మొదటి లేజర్‌ను వెలిగించాడు. దాని కాంతి వల్ల క్యాన్సర్ వస్తుందేమో చూద్దామని 1967లో బుడాపెస్టులో ఎండ్రె మెస్టర్ అనే వైద్యుడు ఎలుకల వీపు గొరిగి రూబీ లేజర్ కాంతి పడేలా చేశాడు. క్యాన్సర్ రాలేదు. కాంతి పడిన ఎలుకలకు మాత్రం వెంట్రుకలు త్వరగా మొలిచాయి! ఆ తర్వాత ఆయన మానని పుళ్ల మీద కూడా ఈ కాంతిని వాడి చూశాడు.

కాంతి ఒంట్లోకి ఎలా వెళుతుంది? చీకట్లో టార్చిలైటును అరచేత్తో మూసి చూడండి, వేళ్లు ఎర్రగా కనిపిస్తాయి. మిగతా రంగులను రక్తం, చర్మం చాలావరకు పీల్చేసుకుంటే ఎరుపు కొంత దూరం లోపలికి పోతుంది. పిల్లలకు ఈ పని చేసి చూపిస్తే పాఠం మళ్లీ చెప్పనక్కర్లేదు. అందుకే ఈ వైద్యంలో ఎరుపును, కంటికి కనిపించని పరారుణ కాంతిని వాడతారు. కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఈ కాంతిని గ్రహించి చురుకవుతుందని, దానివల్ల వాపు, నొప్పి తగ్గుతాయని ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఇచ్చే వివరణ.

మోతాదును జౌళ్లలో కొలుస్తారు. 100 మిల్లీవాట్ల లేజర్‌ను ఒకచోట 40 సెకన్లు పెడితే 4 జౌళ్లు. తక్కువైతే ఫలితం ఉండదు, మరీ ఎక్కువైనా మేలు తగ్గవచ్చు. 'ఇంకాసేపు పెట్టండి బాబూ' అని బతిమాలి లాభం లేదు.

మరి గుణం ఉందా? మెడనొప్పి మీద జరిగిన 16 పరీక్షలను, మొత్తం 820 మంది ఫలితాలను కలిపి చూసిన వ్యాసం 2009లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కొత్త నొప్పి చికిత్స అయిన వెంటనే తగ్గిందని, పాత నొప్పికి ఉపశమనం 22 వారాల దాకా నిలిచిందని అందులో తేలింది. కానీ చీలమండ బెణికిన 217 మందిపై నెదర్లాండ్స్‌లో జరిపి 1998లో ప్రచురించిన పరీక్షలో, ఉత్తుత్తి లేజర్ కంటే అసలు లేజర్ మేలనిపించుకోలేదు. కాబట్టి ఇది తోడు వైద్యమే అని మా అభిప్రాయం.

అసలు వైద్యం వేరే ఉంది. దెబ్బ తగిలాక నాలుగడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండ ఎముక మీద నొక్కితే నొప్పి పుట్టినా ముందు ఎక్స్‌రే తీయించాలి. మొదటి రెండు మూడు రోజులు కట్టు కట్టి, కాలు ఎత్తులో పెట్టాలి. మాలిష్ వద్దు. మన ఇళ్లలో నూనె సీసా ముందు వస్తుంది, అదే చిక్కు. తర్వాత నొప్పి ఓర్చుకోగలిగినంత వరకు నడిపించి, ఒంటికాలి మీద నిలబడే సాధన చేయించాలి. అదే కాలు మళ్లీ బెణకకుండా కాపాడేది ఈ సాధనే. యంత్రం ఇవేవీ చేయించదు, మనిషి చేయించాలి. కూలి పోతుందని రెండో రోజే బస్తా ఎత్తే హమాలీకి పది రోజులు వచ్చిపోయే బస్సు ఛార్జీ దొరికితే, అది లేజర్‌కన్నా ఎక్కువ పనిచేయవచ్చు.

అయినా యంత్రమే ఇవ్వదలిస్తే, అమ్మేవారిని కొన్ని విషయాలు అడగండి. కాంతి తరంగం ఎన్ని నానోమీటర్లు, శక్తి ఎన్ని మిల్లీవాట్లు, దాన్ని కొలిచి సరిచూసే ఏర్పాటు ఏమిటి? వేడి పుట్టించే రకమైతే షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి కాలే ప్రమాదం ఉంది. క్యాన్సర్ గడ్డ మీద, గర్భిణి పొట్ట మీద వాడరు. పరారుణ కాంతి కంటికి కనబడకుండానే కన్ను పోగొట్టగలదు. రోగికి ఒకటి, పెట్టేవారికి ఒకటి చొప్పున, ఆ కాంతికి తగిన రెండు జతల రక్షణ కళ్లద్దాలు పెట్టెలో ఉన్నాయో లేవో తెరిచి చూశాకే డబ్బు కట్టండి.