స్థలమిచ్చిన చాలునా?

విద్యాపీఠమునకును కర్మాగారమునకును నడుమ దారి వేయుట ప్రభుత్వ ధర్మమని నేడు ఎల్లరును అంగీకరించుచున్నారు. ఆ దారికే సైన్సు పార్కు అని పేరు. అమరావతియందు క్వాంటం వ్యాలీ నెలకొల్పి, 156 క్యూబిట్ల కంప్యూటరును అచ్చట స్థాపింతుమని 2025 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వమును, ఐ.బి.యం., టి.సి.యస్. సంస్థలును ప్రకటించినవి. అదే సంవత్సరము ఆగస్టులో మంగళగిరియందు రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్ ప్రారంభమయ్యెను. సంతోషింపదగిన విషయములే. అయినను భవనములు లేచినంతమాత్రమున విద్యయు పరిశ్రమయు చేయి కలుపునా యనునది విచారణీయము.

గన్నవరము చెంత కేసరపల్లియందలి మేధా టవర్సును మన మెరుగుదుము. అవి ఐ.టి. కంపెనీలకు చోటు చూపుటకై కట్టినవి. చోటు వేరు, పొత్తు వేరు. చెన్నపురియందు ఐ.ఐ.టి. వారి రిసెర్చి పార్కు 2010 మొదలు నడచుచున్నది. అచ్చట చేరిన కంపెనీ ఆచార్యులతో కలసి పరిశోధన సాగించియో, విద్యార్థులకు పని చూపియో, నియమించిన మార్కులు సంపాదింపవలయును. అద్దె చెల్లించుటతో బాధ్యత తీరదు. పొత్తును పుట్టించినది సున్నము, ఇటుక కాదు. ఒడంబడికలోని ఆ షరతే.

మన డెల్టాకు విజ్ఞానఫలము క్రొత్త కాదు. బాపట్ల పరిశోధన క్షేత్రమునుండి 1986లో వెలువడిన బి.పి.టి. 5204, అనగా సాంబమసూరి, రైతు గాదెను నింపినది. మిల్లుదారుని వ్యాపారమును పెంచినది. ఏ పార్కును లేకయే ఆ విద్య పొలమునకు నడచి వచ్చినది. ఏలయన, ప్రజాధనముతో పనిచేయు పరిశోధకుని యెదుట నున్న ప్రశ్న రైతు ప్రశ్నయే. కంపెనీ ధనము ప్రవేశించిన చోట ప్రశ్న నెవరు నిర్ణయింతురు? లాభము నెవరు పంచుకొందురు? ఈ రెండింటికిని ముందే సమాధానము వ్రాసియుంచుటయే ప్రభుత్వ విధానమునకు పరీక్ష.

ఈ పరీక్ష అమరావతియందు మరింత కఠినమైనది. 2015 మొదలు 29 గ్రామముల రైతులు 33,000 ఎకరములకు పైగా భూమిని సమీకరణమున కిచ్చిరి. ఆ నేలపై వెలయు ప్రయోగశాలలు వారి బిడ్డలకు వాకిటి కాపలా కొలువు మాత్రమే చూపినచో ఆ త్యాగమునకు ఫలమేమి?

కావున ప్రభుత్వమువారు మూడు పనులు చేయవలయును. స్థలమును రాయితీలను పొందు ప్రతి కంపెనీయు ఈ ప్రాంతపు కళాశాలలతో ఏటేట ఇంత పని చేయవలయునని పత్రముననే వ్రాయింపవలయును. వరి, చేపలు, రొయ్యలు, పాలు మున్నగు డెల్టా సమస్యలకు పరిశోధన ధనములో కొంత భాగము ప్రత్యేకింపవలయును. ఇచ్చిన దెంత, వచ్చిన దెంత యను లెక్కను ప్రతి సంవత్సరము శాసనసభ యెదుట నుంచవలయును.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైనది. అయినను కాలువలును, తూములును, వంతులును లేకున్న ఏ చేనును తడిసియుండెడిది కాదు. ఆ సంగతి డెల్టా రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. పాలకులు దానిని మరువకుండుటయే కావలసినది.