కన్ను ఎట్లు రూపొందును?

ఆత్మకూర్ (ఎస్)లో గాని, సూర్యాపేట చుట్టుపట్ల మరే పల్లెలో గాని కోడిని పొదుగవేసిన ఇల్లాలికి 21 దినముల లెక్క ఒకరు చెప్పనక్కరలేదు. నాలుగైదు దినములు పొదిగిన గ్రుడ్డును దీపమునకు ఎదురుగా పట్టినచో ఎర్రని నరములును, వాని నడుమ ఒక నల్లని చుక్కయు అగపడును. ఆ చుక్కయే పిల్ల కన్ను. అవయవములు పుట్టు తీరును శాస్త్రజ్ఞులు తరతరములుగా ఇట్టి గ్రుడ్లలో పరిశీలించిరి.

మానవశిశువు సంగతి వేరు. తల్లి గర్భములో నాలుగవ వారముననే కన్ను ఏర్పడ నారంభించును. తాను గర్భవతినని తల్లికే రూఢిగా తెలియని దినములవి. అచ్చటికి మన చూపు చేరుట యెట్లు?

ఇందులకు దొరికిన ఉపాయములలో ఒకటి ఆర్గనాయిడ్. అనగా గాజుపాత్రలో కణములనుండి పెంచిన అవయవపు చిన్న నమూనా. జపాను శాస్త్రజ్ఞుడు షిన్యా యమనాకా 2006లో ఎలుక కణములను, 2007లో మానవ చర్మకణములను వెనుకకు మరలించి, పిండదశలోని మూలకణముల వంటివిగా మార్చెను. 2012లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. 2011లో ఆ దేశమువాడే యైన యోషికి ససాయి బృందము ఎలుక మూలకణముల గుంపును పోషకద్రవములో పెంచగా, అది తనంతట తానే ఉబ్బి, లోనికి మడతపడి, గిన్నె ఆకారము తాల్చెను. కంటిలోని రెటీనా ఏర్పడునది ఇట్టి గిన్నెనుండియే. కటకము తోడు లేకున్నను ఆ మడత పడగలదని అప్పుడు తేలినది.

మన హైదరాబాదులో 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థయందు ఇట్టి పరిశోధనయే జరిగినది. డాక్టర్ ఇందుమతి మారియప్పన్ బృందము మానవ మూలకణములనుండి చిన్న కార్నియాలను పెంచిన విధమును 2017లో ప్రకటించినది. కార్నియా యనగా కంటిముందు అద్దమువలె నుండు పారదర్శకమైన పొర. రెటీనా మొలక, కార్నియా మొలక, రెప్పను బోలిన పైపొర అంచెలంచెలుగా ఆ పాత్రలో రూపొందినవి.

దీనివలన మనకేమి ప్రయోజనము? తాంబూలపు సున్నపు పొట్లమును పిల్లలు నొక్కగా, అది చిట్లి కంటిలో పడుట కలదు. కార్నియా అంచున వలయముగా నుండు మూలకణములను సున్నము దహించును. ఒక కన్ను బాగుగా నున్నచో అందుండి చిన్నముక్క తీసి రెండవ కంటికి నాటవచ్చును. రెండు కన్నులును చెడినవానికి ఆ విత్తనము ఎచ్చట దొరకును? పాత్రలో పెరిగిన కార్నియా అట్టివారికి ముందుముందు ఆధారము కావచ్చునని పరిశోధకుల ఆశ. పుట్టుకతో కంటిలోపము గల బిడ్డ కణములనుండియే నమూనా పెంచి, ఏ దశలో తప్పు జరిగినదో పరిశీలించు వీలును కలదు.

అయినను శ్రోతలకు మేమొక హెచ్చరిక చేయవలసియున్నది. ఈ నమూనాకు రక్తప్రసారము లేదు, మెదడుతో సంబంధము లేదు, చూపు లేదు. నారు చూచి పైరు తీరు ఎరుగవచ్చును గాని, నారునే కోసి వండుకొనలేము గదా! ఆ పైరు చేతికి వచ్చువరకు సున్నపు పొట్లము పిల్లలకు అందని చోట నుండవలెను. పొరపాటున కంటిలో పడినచో, ఆ క్షణముననే శుభ్రమైన నీటిధారతో చాలసేపు కడిగి, జాగుచేయక వైద్యుని యొద్దకు కొనిపోవలెను. ఉన్న కన్నును కాపాడుకొనుటను మించిన చికిత్స నేటికిని లేదు.