పాత పందెం కారుకు మిఠాయి ఎరుపు

ఒక చిన్న ప్రయోగంతో మొదలుపెడదాం. చాక్లెట్టుకు చుట్టే వెండి కాగితాన్ని ముడతలు లేకుండా సాపుచేసి బల్లమీద ఉంచండి. పక్కనే ఒక తెల్లకాగితం పెట్టండి. రెండింటిమీదా ఎర్రని జెలటిన్ కాగితం పరచి, వెలుతురులో అటూ ఇటూ కదిలి చూడండి. తెల్లకాగితంమీది ఎరుపు ఎటునుంచి చూసినా ఒక్కలాగే ఉంటుంది. వెండి కాగితంమీది ఎరుపు ఒకవైపునుంచి నిప్పుకణికలా మెరుస్తుంది, మరోవైపునుంచి ముదురుగా కనబడుతుంది. తెల్లకాగితం వెలుతురును అన్ని దిక్కులకూ చెదరగొడుతుంది. వెండి కాగితం అద్దంలాగా ఒకే దిక్కుకు తిప్పి పంపుతుంది. అదే కారణం.

ఈ సూత్రాన్నే అమెరికాలో పందెం కార్లకు వాడుకున్నారు. అక్కడ డ్రాగ్ రేసింగ్ అనే పోటీ ఉంది. మలుపులుండవు. రెండు కార్లు పక్కపక్కన నిలిచి, పచ్చదీపం వెలగగానే తిన్నగా పావుమైలు, అంటే సుమారు 402 మీటర్లు, దూసుకుపోతాయి. ఈ పోటీలకు నియమాలు ఏర్పరచే ఎన్.హెచ్.ఆర్.ఏ. అనే సంస్థ 1951లో వెలిసింది. కొద్ది సెకన్లలో ముగిసే పందెంలో కారు ప్రేక్షకుల కళ్లలో నిలిచిపోవాలంటే రంగే దిక్కు! చక్కెర పాకంలో ముంచిన యాపిల్‌పండులా నిగనిగలాడే 'కేండీ యాపిల్' ఎరుపును 1950లలో తయారుచేసిన ఘనత కాలిఫోర్నియాకు చెందిన జో బెయిలన్‌కు దక్కింది.

ఇందులో మూడు పొరలుంటాయి. అడుగున వెండి లేక బంగారు మెరుపు. దానిమీద పారదర్శకమైన ఎరుపు. పైన గాజులాంటి వార్నిష్. వెలుతురు ఎర్రపొరలోకి దిగి, వెండిని తాకి, మళ్లీ అదే పొరలోంచి బయటికి వస్తుంది. అంటే రెండుసార్లు వడగట్టబడుతుందన్నమాట. ఇప్పుడు మీ వెండి కాగితంమీద రెండో జెలటిన్ కాగితం వేయండి. రంగు ముదిరింది కదూ? అందుకే స్ప్రేగన్ పట్టిన చేయి ఒకే వేగంతో కదలాలి. ఒకచోట పొర ఎక్కువైతే అక్కడ చార తేలుతుంది.

మరి నిప్పుజ్వాలల బొమ్మలకు అంచులు అంత చక్కగా ఎలా వస్తాయి? రంగు తగలకూడని చోట అంటుకాగితం అతికిస్తారు. ఈ మాస్కింగ్ టేపును 1925లో రిచర్డ్ డ్రూ కనిపెట్టింది కార్లకు రెండు రంగులు వేసేవారి ఇబ్బంది చూసే!

అరవై ఏళ్లనాటి కారు ఒకటి షెడ్డుకు వచ్చిందనుకోండి. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఎరుపు వెలిసిపోయింది. గీతపడినచోట మాత్రమే రంగు వేస్తే అతుకు కనబడిపోతుంది. మొత్తం గీకేస్తే పని సులువు. కాని తొందరపడకండి. చెట్టు మానులో వలయాల్లాగా ఆ పొరల్లో కారు చరిత్ర ఉండవచ్చు: పాత నంబరు, నడిపినవాని పేరు, మొదటి రంగు. తడిపిన ఉప్పు కాగితంతో మెల్లగా రుద్దితే ఒక్కొక్క పొరే బయటపడుతుంది. గీకేసింది మాత్రం తిరిగి రాదు.

గీకడంలో ఇంకో ప్రమాదం ఉంది. పాత రంగులు చాలావాటిలో సీసపు సమ్మేళనాలుండేవి. ఆ దుమ్ము ఒంట్లో చేరితే మెదడుకూ నరాలకూ చేటు, పిల్లలకు మరీను. ఈనాటి గట్టి వార్నిష్‌లు చాలావాటిలో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటి తుంపర పీలిస్తే ఉబ్బసం రావచ్చు.

నా దగ్గర చదివిన ఒక కుర్రవాడు బడి మానేసి కార్లకు రంగువేసే షెడ్డులో చేరాడు. పనితనం చూస్తే ముచ్చటేసేది. ముక్కుకు అడ్డం చేతిరుమాలు, అంతే. కొన్నేళ్లకు రెండు మెట్లెక్కితే ఆయాసం. చేతిరుమాలు దుమ్మును కొంత ఆపుతుందేమో గాని, ఆ ఆవిరిని ఆపలేదు. గొట్టంద్వారా బయటి మంచిగాలి అందించే ముసుగు కావాలి. ఈ సంగతి నేను వాడికి తరగతిలోనే చెప్పి ఉండవలసింది. అందుకే మీకు ఇప్పుడే చెబుతున్నాను.