పైపు ఆర్గాన్ నుంచి భారతం ఆట దాకా

వాల్మీకిపురం, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఊళ్లలో భారతం పెట్టారంటే మహాభారత కథే పగలు హరికథగా, రాత్రి ఆటగా సాగుతుంది. వేషధారి పద్యం ఎత్తుకోగానే శ్రుతి అందించేది హార్మోనియం. ఆ పెట్టె పుట్టిల్లు మన దేశం కాదు. దాని పూర్వీకులు యూరప్ చర్చిల్లోని పైపు ఆర్గాన్లు. ఆ వంశం కథ తెలిస్తే ఒక వాద్యం దేనివల్ల బతుకుతుందో అర్థమవుతుంది.

ముందు పైపు ఆర్గాన్ ఎలా పలుకుతుందో చూద్దాం. పిల్లనగ్రోవికి ఉండేది ఒకటే గొట్టం. రంధ్రాలు మూస్తూ తెరుస్తూ అందులోనే స్వరాలన్నీ పలికిస్తాం. ఆర్గాన్‌లో అలా కాదు, ఏ స్వరానికి ఆ గొట్టం వేరు. పెద్ద తిత్తులు ఒక పెట్టెలోకి గాలి నింపుతాయి. మెట్టు నొక్కితే ఆ స్వరం గొట్టం కింద ఉన్న మూత తెరుచుకుని గాలి లోపలికి దూరుతుంది. గొట్టం పొడవు రెట్టింపైతే స్వరం ఒక స్థాయి కిందికి దిగుతుంది. అందుకే ఒకే ఆర్గాన్‌లో 16 అడుగుల గొట్టాలూ ఉంటాయి, అంగుళాల్లో కొలిచేవీ ఉంటాయి. తిత్తి ఆడుతున్నంతసేపూ, మెట్టు మీద వేలు ఉన్నంతసేపూ స్వరం తెగదు.

ఇది చర్చి కోసం పుట్టిన వాద్యమూ కాదు. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో క్టెసిబియస్ అనే ఇంజనీరు నీటి ఒత్తిడి సాయంతో దీన్ని పలికించాడు. రోమన్ల వినోదశాలల్లో మోగింది. 757లో బైజాంటిన్ చక్రవర్తి ఫ్రాంకుల రాజు పెపిన్‌కు ఒక ఆర్గాన్ కానుకగా పంపాడు. ఆ తర్వాతి శతాబ్దాల్లో అది క్యాథలిక్ చర్చిల్లో స్థిరపడింది.

అయితే పైపు ఆర్గాన్ గోడలను నమ్ముకున్న వాద్యం. చర్చి మూతపడితే దాని గతి ఏమిటి? ఫ్రెంచి విప్లవ కాలంలో మఠాలు మూసేసినప్పుడు ఎన్నో ఆర్గాన్ల గొట్టాలను సీసం, తగరం కోసం కరిగించారు.

జర్మనీలోని హాల్బర్‌స్టాట్‌లో దీనికి భిన్నమైన కథ ఉంది. అక్కడి సెయింట్ బుర్కార్డి చర్చి క్యాథలిక్ సన్యాసినుల మఠానిది. 1810లో మఠాన్ని రద్దు చేశాక అందులో ప్రార్థన ఆగిపోయింది. ఆ కట్టడం గిడ్డంగిగా, పందుల దొడ్డిగా కూడా పనికొచ్చింది. 2001 సెప్టెంబరు 5న అదే చోట అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ రచన ఒకదాన్ని వాయించడం మొదలుపెట్టారు. ‘వీలైనంత నెమ్మదిగా’ వాయించమని ఆయన షరతు. ఎంత నెమ్మదిగా? ఆ ఊరి పెద్ద చర్చిలో 1361లో ఒక గొప్ప ఆర్గాన్ వెలిసింది. అప్పటి నుంచి 2000 వరకు గడిచిన 639 ఏళ్లనే ఈ రచనకు గడువుగా పెట్టుకున్నారు. కాబట్టి అది 2640లో ముగుస్తుంది. రచన నిశ్శబ్దంతో మొదలవుతుంది గనుక, కొత్తగా చేయించిన చిన్న ఆర్గాన్ తొలి స్వరాలు 2003 ఫిబ్రవరిలో గానీ వినపడలేదు. మెట్లను ఇసుక సంచుల బరువుతో నొక్కి ఉంచుతారు. స్వరం మారే రోజున జనం పనిగట్టుకుని వస్తారు. పాడుబడ్డ చర్చి సంగీతం వల్లే మళ్లీ మనుషుల చోటైంది.

ఇక మన పెట్టె సంగతి. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబెన్ హార్మోనియంకు పేటెంటు తీసుకున్నాడు. ఇందులో గొట్టాలు లేవు. గాలి తగిలితే కంపించే సన్నని లోహపు రీడే స్వరం పలికిస్తుంది. అందువల్ల ఆర్గాన్ కొనలేని చిన్న ప్రార్థన మందిరాలకు ఇది అందుబాటులోకి వచ్చింది. అలాగే ఓడెక్కి మన దేశం చేరింది. అప్పటికి దాన్ని కుర్చీలో కూర్చుని కాళ్లతో తొక్కేవారు. 19వ శతాబ్దం చివరి పాదంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ తిత్తిని పెట్టె వెనక్కి తెచ్చాడు. మన గానం ఒకే స్వరవరసలో నడుస్తుంది, మెట్లకు కుడిచెయ్యి చాలు. ఖాళీగా ఉన్న ఎడమచెయ్యి తిత్తి ఆడిస్తుంది. ఇప్పుడు నేల మీద కూర్చుని వాయించవచ్చు, చంకన పెట్టుకుని ఊరూరా తిరగవచ్చు.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో సురభి నాటక సమాజం పుట్టింది. వాల్మీకిపురం, మదనపల్లె కూడా 1911 వరకు ఆ జిల్లాలోనివే. సురభి వారి నాటకాల్లోనూ, తెలుగునాట పద్యనాటకమంతటా హార్మోనియం విడదీయలేని భాగమైంది. నటుడు రాగం తీసి ఊపిరి అందుకునే లోపు శ్రుతి జారకుండా పట్టుకునేది అదే.

దానికి వ్యతిరేకులూ ఉన్నారు. మెట్టుకూ మెట్టుకూ మధ్య స్వరం జారదు కాబట్టి మన గమకాలు అందులో పలకవన్నారు. రవీంద్రనాథ్ ఠాగూరు కూడా దాన్ని ఇష్టపడలేదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. 1971లో గానీ ఆ నిషేధం సడలలేదు. గమకం గురించిన అభ్యంతరం న్యాయమైనదే. కానీ ఆ మూడు దశాబ్దాలూ పల్లె వేదికల మీద అది మోగుతూనే ఉంది. కారణం ఒక్కటే, అక్కడ దానితో రోజూ పని ఉంది.

వాద్యాన్ని బతికించేది దాన్ని వాడే చెయ్యి. హాల్బర్‌స్టాట్ చెప్పేదీ, మన భారతం ఆటలు చెప్పేదీ ఇదే. మీ ఊరి భజన మందిరంలోనో, నాటక సమాజం గదిలోనో పాత హార్మోనియం మూలన పడి ఉంటే రీడ్లు శుభ్రం చేయించండి, చిరిగిన తిత్తికి మాటు వేయించండి, తెలిసిన హార్మోనిస్టు ఉండగానే పిల్లల్ని ఆయన దగ్గర కూర్చోబెట్టండి.