దుప్పికి సూది సరే, గడ్డి ఎక్కడ?

ఎదకొచ్చిన గేదెను పశువుల ఆస్పత్రికి తోలుకుపోయి సూది వేయించడం మన కూలి జనానికి కొత్త కాదు. కొయ్యల మధ్య కట్టేస్తారు, ద్రవ నత్రజనిలో దాచిన వీర్యపు గొట్టాన్ని గోరువెచ్చని నీళ్ళలో కరిగిస్తారు, పని అయిపోతుంది. అదే పని అడవి దుప్పికి చెయ్యాలంటే?

దుప్పి కొయ్యల మధ్య నిలబడదు. బలవంతంగా పట్టుకుంటే బెదురుకే ప్రాణం పోవచ్చు. అందుకని మత్తు ఇచ్చి పడుకోబెట్టాలి. మగదాని వీర్యం తీయడానికీ మత్తే. ఎద ఎప్పుడొచ్చిందో గేదెలా అరిచి చెప్పదు గనక, హార్మోను మందుతో ఎదకు తెప్పిస్తారు. చూలు కట్టిందీ లేనిదీ పెంటికల్లోని హార్మోనును బట్టి తెలుసుకుంటారు. జంతువును ముట్టుకోనక్కరలేదు! ఈ ఉపాయం మాకు బాగా నచ్చింది.

హైదరాబాదులో సి.సి.యం.బి.కి చెందిన లాకోన్స్ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు ఇది చేసి చూపారు. 2006లో చుక్కల దుప్పి పిల్ల, 2007లో కృష్ణజింక పిల్ల కృత్రిమ గర్భధారణతో పుట్టాయి. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థలో జరిగిన పని ఇది. దీన్ని మేము తక్కువ చేసి మాట్లాడం. పదీ ఇరవై మాత్రమే మిగిలిన జాతికి రేపు ఇదే ఆధారం కావచ్చు.

అయితే పుట్టిన పిల్ల మేసేదెక్కడ? మూషిక జింకల్ని చూడండి. 2010 నుండి హైదరాబాదు జంతు ప్రదర్శనశాలలో వాటిని పెంచి అమ్రాబాద్ అడవిలో వదిలారు. అక్కడ అడవి ఉంది గనక వదలగలిగారు.

కృష్ణజింకకు కావలసింది అడవి కాదు, బీడు. నంద్యాల జిల్లా రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో సుమారు 600 హెక్టార్ల గడ్డినేలను అభయారణ్యం చేశారు. ఆ కాపుదలలో కృష్ణజింకలు ఏ సూదీ లేకుండానే మందలు మందలుగా పెరిగాయి. బట్టమేక పిట్ట మాత్రం తరిగిపోయింది. చుట్టూ బీళ్ళన్నీ దున్నుడు కిందికొచ్చాయి. మరి ఆ మందలు ఎటు పోతాయి? మొలకెత్తిన శనగ మీదికే.

1972 చట్టం ప్రకారం జింకను చంపకూడదు, మంచిదే. కానీ తెల్లారకముందే లేచి డబ్బా వాయించుకుంటూ చేను కాసేది ఎవరు? కౌలుదారు, అతని పెళ్ళాం, బడి మానిన పిల్లవాడు. నష్టపరిహారం అడగబోతే పట్టా పాసుపుస్తకం తెమ్మంటారు. అది భూస్వామి ఇంట్లో బీరువాలో ఉంటుంది.