వజ్రాధికారం: నహుషోపాఖ్యానం, థోర్ చిత్రకథలు

బలహీనుడైన మానవునికి దేవతాశక్తి సంక్రమించటం ప్రాచీన వాఙ్మయంలో పలుచోట్ల కనిపించే కథాంశం. ఆ శక్తి వరరూపంలో రావచ్చు, ఆవేశరూపంలో రావచ్చు; లేదా శాపవశాన మానవజన్మ ఎత్తిన దేవత తన పూర్వశక్తినే తిరిగి పొందవచ్చు. ఈ భేదాలు స్వల్పంగా తోచినా, కథలో మానవునికి దక్కే స్థానాన్ని నిర్ణయించేవి అవే. ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ చిత్రకథల్లో దీనికి మంచి నిదర్శనం మార్వెల్ సంస్థ ప్రచురించిన థోర్ కథ. 1962లో వరకథగా మొదలైన ఈ ఇతివృత్తం 1968లో శిక్షాకథగా మారి, 2014లో మళ్ళీ మానవకథ అయింది. దీన్ని మహాభారతంలోని నహుషోపాఖ్యానంతో పోల్చి చూస్తే, దైవశక్తికి మనిషి ఎట్లా అధికారి అవుతాడనే ప్రశ్నకు రెండు వాఙ్మయాలు ఇచ్చిన సమాధానాలు తెలుస్తాయి.

థోర్ స్కాండినేవియా ప్రజల ప్రాచీన దేవత. ఉరుములకు అధిపతి, ఓడిన్ కుమారుడు. 'మ్యోల్నిర్' అనే సుత్తి అతని ఆయుధం. అతని పేరు ఉరుము అనే అర్థంగల ప్రాచీన జర్మానిక్ పదం నుంచి వచ్చింది. ఆ పదమూ, సంస్కృతంలో ఉరుమును, మేఘాన్ని చెప్పే 'స్తనయిత్ను' శబ్దమూ ఒకే ఇండో-యూరోపియన్ ధాతువు నుంచి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయం. స్వభావాన్ని బట్టి థోర్ ఇంద్రునికి, అతని సుత్తి వజ్రానికి దగ్గరివి. అయితే 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో గ్రంథస్థమైన ఎడ్డా కథల్లో ఆ సుత్తికి యోగ్యతా నియమం లేదు. దాన్ని పట్టటానికి థోర్‌కు ఇనుప చేతొడుగులు కావాలని మాత్రం స్నోరి స్టుర్లుసన్ చెప్పాడు. థ్రిమ్ అనే రాక్షసుడు దాన్ని దొంగిలించి భూగర్భంలో దాస్తాడు. ప్రళయానంతరం అది థోర్ కుమారులకు సంక్రమిస్తుంది. అంటే ఆ ఆయుధాన్ని అపహరించవచ్చు, వారసత్వంగానూ పొందవచ్చు. యోగ్యునికే అది దక్కుతుందన్న నియమం ఆధునిక చిత్రకథాకారుల కల్పన.

ఆ కల్పన 1962 ఆగస్టు నాటి 'జర్నీ ఇంటు మిస్టరీ' 83వ సంచికలో మొదటిసారి కనిపిస్తుంది. కథాకల్పన స్టాన్ లీది, సంభాషణలు లారీ లీబర్‌వి, చిత్రాలు జాక్ కర్బీవి. కథానాయకుడు డొనాల్డ్ బ్లేక్ కుంటివాడైన అమెరికన్ వైద్యుడు. నార్వేలో విహరిస్తూ, శనిగ్రహం నుంచి వచ్చిన శిలాకాయుల కంటబడి పారిపోతాడు. దారిలో చేతికర్ర పోగొట్టుకొని ఒక గుహలో చేరుతాడు. అక్కడ దొరికిన పాత కర్రతో, దారికి అడ్డమైన బండను కదల్చబోయి విఫలుడవుతాడు. నిస్పృహతో కర్రను ఆ బండకేసి కొట్టగానే అది సుత్తిగా, అతడు థోర్‌గా మారతారు. యోగ్యుడైనవాడు ఈ సుత్తిని ధరిస్తే థోర్ శక్తిని పొందుతాడని దానిమీద శాసనం ఉంటుంది. సుత్తి అరవై సెకండ్లకు మించి చేతికి దూరమైతే అతడు మళ్ళీ కుంటి వైద్యుడే. ఇక్కడ తపస్సు లేదు, ఎదుట నిలిచి వరమిచ్చే దేవత లేడు. శాసనం ఒక్కటే ఉంది. ఆ శక్తి బ్లేక్ సొత్తు కాదు. అది అతని చేతిలో ఉన్నంతసేపే అతనిది.

నహుషుని వృత్తాంతం దీనికి సన్నిహితమైనది. వృత్రవధానంతరం పాపభీతితో ఇంద్రుడు జలాల్లో దాగినప్పుడు, దేవతలు, ఋషులు మానవుడైన నహుషుణ్ణి ఇంద్రపదవికి ఎన్నుకొంటారని ఉద్యోగపర్వం చెబుతుంది. తాను దుర్బలుణ్ణని అతడు మొదట సంకోచిస్తాడు. అప్పుడు, తన కంటబడినవారి తేజస్సును గ్రహించే శక్తిని అతనికి అనుగ్రహిస్తారు. ఆ తరువాత అతడు భోగాసక్తుడై శచీదేవిని కోరతాడు. ఋషులచేత వాహనం మోయిస్తాడు. అగస్త్యుని శిరస్సును కాలితో తాకి, శాపగ్రస్తుడై సర్పమవుతాడు. నహుషుడు మొదట అయోగ్యుడు కాడు. ధర్మాత్ముడన్న కీర్తివల్లనే పదవి అతణ్ణి వెదుక్కొంటూ వచ్చింది. అధికారం ఒకసారి నిరూపించుకొని దాచుకొనే సంపద కాదనీ, క్షణక్షణం నిలుపుకోవలసిన స్థితి అనీ ఈ ఉపాఖ్యాన తాత్పర్యం. చిత్రకథలోని శాసనం కూడా ఈ భావాన్నే చెబుతున్నది. కాని నహుషుని యోగ్యతను ఋషులు, దేవతలు తూచారు. బ్లేక్ యోగ్యతను తూచేది జడమైన ఆయుధం. మొదటిది సభానిర్ణయం కనుక పొరపాటుకు అవకాశముంది. రెండవదానిలో ఆ అవకాశాన్నే కథకులు తొలగించారు.

బ్లేక్ కథలో త్వరలోనే ఒక వైరుధ్యం తలెత్తింది. అతడు మానవుడే అయితే ఓడిన్‌ను తండ్రీ అని పిలిచేది ఎవరు? 1963 నుంచి థోర్ బాల్యగాథలు కూడా వెలువడటంతో ప్రశ్న మరింత జటిలమైంది. 1968 డిసెంబరు నాటి 'థోర్' 159వ సంచిక దీనికి సమాధానమిచ్చింది. గర్వించిన కుమారునికి వినయం నేర్పటానికి ఓడిన్ అతని స్మృతిని తొలగించి, కుంటి వైద్యునిగా భూమికి పంపాడట. ఇది వసిష్ఠశాపంవల్ల వసువులు మానవులుగా పుట్టిన ఆదిపర్వకథకు సన్నిహితం. కథాసంగతి కుదిరింది గాని, మూల్యం పెద్దది. దైవశక్తి పొందిన సామాన్యుడు అసలు సామాన్యుడే కాకపోయాడు. అతని కుంటితనం, వైద్యవృత్తి, గుహలోని నిస్పృహ అన్నీ ఒక దేవకుమారుని శిక్షణలో భాగాలుగా మిగిలాయి. భీష్ముడు వసువు అయినా, అతని ప్రతిజ్ఞాభారం మానవునిదిగానే నిలిచింది. బ్లేక్‌కు ఆ గౌరవం దక్కలేదు. 1983-84లో వాల్టర్ సైమన్సన్ రచించిన కథల్లో బ్లేక్ రూపం కూడా తొలగిపోయింది.

తిరిగి ఈ కథలో మానవునికి స్థానం కల్పించిన పాత్ర జేన్ ఫాస్టర్. బ్లేక్ వైద్యశాలలో నర్సుగా 1962లోనే ప్రవేశించిన ఈమెకు దైవశక్తి ఒకటికంటె ఎక్కువసార్లు లభించింది. 1967 జనవరి నాటి 136వ సంచికలో, థోర్ వరించిన స్త్రీ కనుక ఓడిన్ ఆమెకు అమరత్వమిచ్చి పరీక్షిస్తాడు. ఆమె భయపడి ఓడిపోతుంది. శక్తిని, జ్ఞాపకాలను తీసివేసి ఆమెను భూమికి పంపుతాడు. 2014లో జేసన్ ఆరన్ రచన, రస్సెల్ డౌటర్‌మన్ చిత్రాలతో మొదలైన కథలో, థోర్ యోగ్యత కోల్పోయి వదిలిన సుత్తిని ఒక స్త్రీ ఎత్తుతుంది. ఆమె జేనే అని 2015లో వెల్లడవుతుంది. అప్పటికి ఆమె వైద్యురాలు, రొమ్ము క్యాన్సర్ రోగి. థోర్‌గా మారిన ప్రతిసారీ సుత్తి మహిమ ఆమె దేహంలోని క్యాన్సర్ మందును విషంగా భావించి తొలగిస్తుంది. రోగం మాత్రం మిగులుతుంది. ఇతరులను రక్షించిన ప్రతిసారీ ఆమె మృత్యువుకు ఒక అడుగు దగ్గరవుతుంది.

ఈ ఘట్టానికి ఉపమానం నహుషుడు కాదు, దధీచి. తన అస్థులను వజ్రనిర్మాణానికి ఇచ్చిన ఆ మహర్షి వృత్తాంతం భారత అరణ్యపర్వంలోను, భాగవత షష్ఠస్కంధంలోను ఉంది. ఏర్చూరి సింగన తెలుగు చేసిన భాగమది. దధీచి వజ్రాన్ని ధరించలేదు, ధరించేవానికి దేహమిచ్చాడు. జేన్ ఆయుధం ధరించింది, అందుకు దేహాన్నే ఇచ్చింది. ఒకరినుంచి మరొకరు గ్రహించారని దీనివల్ల చెప్పటానికి వీలులేదు. స్తనయిత్ను శబ్దానికి, థోర్ నామానికి గల బంధుత్వం భాషాగతమే. ఈ కథల సామ్యం భావగతం.

మూడు దశలనూ కలిపి చూస్తే తేలే సారాంశమిది. 1967లో జేన్‌కు శక్తిని ఒక దేవత అనుగ్రహించాడు. దానితో ఆమె చేయవలసిన పని ఏదీ లేదు. 2014లో పనే ముందు వచ్చింది, శక్తి దాని వెంట వచ్చింది. నహుషునికి పదవి భోగమైనప్పుడు తేజస్సు నిలువలేదు. కాబట్టి రెండు వాఙ్మయాల్లోనూ అధికారాన్ని నిర్ణయించేది బలం కాదు, దానికై మనిషి వదులుకోగలిగినది. వదులుకోవటానికి ఏమీ లేని దేవునికంటే, ఉన్న కొద్దిపాటి ఆయువును పణంగా పెట్టే మనిషికే ఆ అధికారం ఎక్కువగా అన్వయిస్తుంది. 1968 నాటి మార్పు కథలోని చిక్కును విప్పినా, పణంగా పెట్టవలసిన ఆ మనిషినే కథనుంచి తప్పించింది.