చెరువు నీటిపై మాట ఎవరిది?

చెరువు ఒక్కటే అయినా ఊళ్లో అందరూ దాన్నుంచి కోరేది ఒకటి కాదు. ఆయకట్టు రైతు తూము తెరవాలంటాడు. బోరు వేసుకున్నవాడికి తూము మూసి ఉంచితేనే మేలు, నీరు ఇంకి బోర్లు ఊరతాయి. మత్స్యకారులకు ఎండాకాలం దాకా చేపలు బతికేంత నీరు నిలవాలి. శిఖం భూమిలో, అంటే చెరువు లోపలి నేలలో, సాగు చేసుకుంటున్నవారికి చెరువు నిండితేనే నష్టం. అలుగు ఎత్తు తగ్గించాలన్న ఒత్తిడి తరచూ వారినుంచే వస్తుంది. ఇన్ని కోరికల మధ్య ఎవరి మాట నెగ్గుతుందన్నది వాన మీద కన్నా ఊరి రాజకీయం మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

కాకతీయుల కాలపు రామప్ప, పాఖాల చెరువులు నేటికీ పొలాలకు నీళ్లిస్తున్నాయి. కడప జిల్లాలో 1369 నాటి పోరుమామిళ్ల శాసనం మంచి చెరువుకు 12 అంగాలు, చెడ్డదానికి 6 దోషాలు చెప్పింది. ఇలా కట్టినవాటిని కాపాడే ఏర్పాటు కూడా ఉండేది. చెరువు తవ్వించినవారికి, మరమ్మతు చూసేవారికి దశబంధం ఇనాంగా భూమి దక్కేది. తూము తీసి మడిమడికీ నీరు పారించే నీరటికి కళ్లంలోనే ధాన్యం కొలిచి ఇచ్చేవారు. అయితే చాలాచోట్ల నీరటి దళితుడు. నీరు పంచేది అతడే అయినా, వంతులు తేల్చే పెద్దల మధ్య అతడి మాటకు విలువ ఉండేది కాదు. పాత పద్ధతిని తలచుకుని మురిసిపోయేవారు ఈ సంగతి దాటేస్తుంటారు.

స్వాతంత్ర్యం తర్వాత ఇనాంలు రద్దయ్యాయి. చెరువుల బాధ్యత ప్రభుత్వ శాఖలకు, పంచాయతీలకు చేరింది. అంతకన్నా పెద్ద మార్పు బోరుతో వచ్చింది. సొంత చేలోనే నీరు దొరికాక కట్ట పనికి, కాలువ పూడికకు కలిసిరావాల్సిన అవసరం స్తోమత ఉన్న రైతుకు లేకపోయింది. బోర్లను అదుపు చేయడానికి 2002లో వాల్టా చట్టం వచ్చింది. 2004లో మొదలైన ఉచిత కరెంటు మాత్రం రైతును బోరువైపే నడిపించింది. ఓట్లు తెచ్చేది ఏదో పాలకులకు తెలియనిది కాదు.

అంతకు ముందే, 1997లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాగునీటి నిర్వహణను రైతులకే అప్పగిస్తూ చట్టం చేసింది. పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. ఇక్కడా ఓటు రికార్డుల్లో పేరున్న భూమిదారులదే. చేపలు పట్టేవారు, బట్టలుతికే రజకులు, మన్ను తీసుకునే కుమ్మరులు, గొర్రెలను నీటికి తోలుకొచ్చేవారు చెరువు మీద బతికినా ఆ హోదాలో ఓటర్లు కారు. పట్టాలు ఎక్కువగా మగవారి పేర ఉండటంతో పొలంలో నాట్లు వేసే ఆడవారూ చాలావరకు బయటే ఉండిపోయారు. చేపల హక్కు మత్స్యకార సహకార సంఘాలది. వాటిలో సభ్యత్వం ఎవరికన్నదానిపై తెలంగాణలో గంగపుత్రులకు, ముదిరాజులకు మధ్య వివాదం నడుస్తోంది.

తెలంగాణ ప్రభుత్వం 2015లో మిషన్ కాకతీయ ప్రారంభించి 46,531 చెరువులు, కుంటలను దశలవారీగా బాగుచేయాలని సంకల్పించింది. పూడిక తవ్వకం ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంది, మట్టిని పొలానికి తోలుకునే ఖర్చు రైతుపై పడింది. ఒండ్రు వేసిన చేను కొన్నేళ్లపాటు సారం నిలుపుకుంటుంది. కానీ ట్రాక్టర్ కిరాయి భరించగలవారికే ఆ లాభం. నోటిమాట మీద ఏడాదికి చేను కౌలుకు తీసుకున్న రైతు, వచ్చే ఏడు ఎవరు దున్నుతారో తెలియని నేలకు మట్టి తోలించడు.